సూర్యుని చుట్టూ భూమి, చంద్రుల జంట ప్రయాణం

(సొసైటీ వార్షిక సభలో చేసిన ఉపన్యాసపు పాఠం)

 

కార్యదర్శిగారు మమ్మల్ని విద్య ఆవశ్యకత గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం మీద ఏటేటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే వున్నారు, మీరు ఓపికగా వింటూనే వున్నారు. అందుచేత ఈసారి ఆవశ్యకతను పక్కకు పెట్టి, ఆ విద్యలో నుంచే ఒక ముక్క తెచ్చి మీ ముందు పెడదామనుకున్నాము. బగారా అన్నం ఎంత రుచో గంటసేపు వర్ణించే బదులు ఒక పళ్ళెం వడ్డిస్తే పోతుంది గదా!

మేము ఎంచుకొన్న విషయం భూమి, చంద్రుడు కలిసి సూర్యుని చుట్టూ తిరిగే తీరు. ఇది పిల్లల పాఠం గదా, పెద్దలకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని ఆలోచించి చూడండి. ఏడాదిలో మన మొహల్లాలు ఆకాశం వైపు చూసి కలవరపడేది రెండు సందర్భాల్లో. ఒకటి చాంద్ రాత్. రెండవది గ్రహణం. చాంద్ రాత్ నాడు "కనబడిందట", "లేదట", "ఫలానా వూళ్ళో చూశారట" అంటూ అర్ధరాత్రి దాకా ఫోన్లు. ఒకే ఇంట్లో అన్న రోజా వుంటే తమ్ముడు షీర్ ఖుర్మా తాగిన సంవత్సరాలు కూడా వున్నాయి. ఇంక గ్రహణం సంగతి మరీ విచారం. 2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది, మీకు గుర్తుండే వుంటుంది. మా దగ్గర చదువుకొన్న ఒక అమ్మాయి అప్పటికి ఎనిమిదో నెల గర్భిణి. నీడ చంద్రుని మీద పడ్డది రాత్రి 9 గంటల 57 నిమిషాలకు. ఆమెను మాత్రం మగ్రిబ్ నుంచే గదిలో పడుకోబెట్టి, తలుపులు బిగించి, మంచినీళ్ళు ముట్టనివ్వలేదు. పక్క మీద ఇటు నుంచి అటు తిరగకూడదన్నారు. నీడ వదిలేసరికి 1 గంట 26 నిమిషాలయింది. అత్తగారు చెడ్డ మనిషేం కాదు, కోడలి మీద ప్రేమతోనే చేసింది. తరువాత ఆ పిల్ల మమ్మల్ని అడిగింది: "సార్, చంద్రుడు నీడలోకి పోతే నేను నీళ్ళెందుకు తాగకూడదు?"

ఈ ప్రశ్నకు "తాగవచ్చమ్మా" అని ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కాని ఆ మాట అత్తగారి దగ్గర నిలవదు. నీడ ఎవరిది, ఎక్కడి నుంచి వస్తుంది, ఎందుకు వస్తుంది అన్నది ఇంటిల్లిపాదికీ తెలిస్తేనే నిలుస్తుంది. అందుకే ఈ ఉపన్యాసం.

ముందు కొలతలు చూద్దాము. భూమి నుంచి సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరం. చంద్రుడు సగటున 3 లక్షల 84 వేల కిలోమీటర్లు. ఇన్ని సున్నాలు చెబితే పిల్లలకు నిద్ర వస్తుంది. కనుక మనం ఒక పని చేద్దాము. మనది గోల్నాక, పేరులోనే గోల్ వున్నది. అటు పక్కన తార్నాక. ఈ రెండు నాకాల మధ్య ఉస్మానియా క్యాంపస్. ఆ క్యాంపస్‌లోకి పోయి ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు సూర్యుణ్ణి నిలబెడదాము. చంద్రుడు భూమికి ఒక్క అడుగు దూరంలో వున్నట్లు లెక్క పెట్టుకొంటే, అంటే మనిషి నడకలో వేసే ఒక అంగ అన్నమాట, సూర్యుడు దాదాపు 390 అంగల దూరంలో వుంటాడు. మెట్ల ముందు పెట్టిన సూర్యుడు రెండున్నర మీటర్లు దాటిన గోళం, మన తలుపు చౌకట్లో పట్టడు. అక్కడి నుంచి 390 అంగలు లెక్క పెట్టుకుంటూ నడిచి ఆగండి. అక్కడ భూమిని పెట్టాలి. అది ఎంత? ఒక రేగుపండంత. దానికి ఒక అంగ దూరంలో చంద్రుడు. అతను ఒక బటానీ గింజంత.

రేగుపండు, దానికి ఒక అంగ దూరంలో బటానీ గింజ, దూరంగా ఆర్ట్స్ కాలేజీ ముందు తలుపును మించిన అగ్నిగోళం. ఈ బొమ్మను మనసులో పెట్టుకోండి. ఇప్పటి నుంచి అంతా దీనిమీదే నడుస్తుంది.

పాఠ్యపుస్తకాల్లో బొమ్మ ఇట్లా వుండదు. పేజీలో పట్టదు గనుక సూర్యుణ్ణి ఒక నారింజకాయంత, భూమిని నిమ్మకాయంత వేసి, చంద్రుణ్ణి దాని చుట్టూ తిప్పుతారు. అది చూసిన పిల్లలు చంద్రుని దారిని గీయమంటే ఏం గీస్తారో తెలుసునా? స్ప్రింగులాగా చుట్టలు చుట్టలుగా గీస్తారు. చంద్రుడు కొంత దూరం ముందుకు పోయి, వెనక్కి మళ్ళి, మెలిక తిరిగి, మళ్ళీ ముందుకు పోతాడన్నమాట. తొమ్మిదో తరగతిలో నలభై మందికి కాగితాలిచ్చి గీయమంటే ముప్పైకి పైగా చుట్టలే వచ్చాయి. మిగతావాళ్ళు పూలదండలాగా అలలు గీశారు. డిగ్రీ చదివినవారిని అడిగినా ఇదే గీస్తారు, మీరే ఇంటికి పోయి అడిగి చూడండి.

సంగతేమిటంటే, చంద్రుడు ఎన్నడూ వెనక్కి నడవడు. భూమి సూర్యుని చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. మేము మాట్లాడడం మొదలుపెట్టి ఇరవై నిమిషాలయింది అనుకొంటే, ఈ సభ, ఈ కుర్చీలు, ఆ వెనుక వుడుకుతున్న చాయ్, అన్నీ కలిసి 36 వేల కిలోమీటర్లు పోయాయి. చంద్రుడు భూమి చుట్టూ తిరిగే వేగమెంత? సెకనుకు ఒక్క కిలోమీటరు. ముప్పై ముందుకు పోతుంటే ఒకటి వెనక్కి లాగినా మిగిలేది ఇరవై తొమ్మిది. కాబట్టి పున్నమి నాడు చంద్రుని వేగం సూర్యుని లెక్కలో సుమారు 31, అమావాస్య నాడు సుమారు 29. ఒకనాడు కొంచెం ముందు, ఒకనాడు కొంచెం వెనుక, అంతే. తండ్రి వేలు పట్టుకొని బజారులో నడిచే పిల్లవాణ్ణి చూడండి. కాసేపు కుడిపక్క వుంటాడు, కాసేపు ముందు పరుగెత్తుతాడు, ఎడమపక్కకు వస్తాడు, మిఠాయి దుకాణం దగ్గర వెనుకబడతాడు. తండ్రి లెక్కలో చూస్తే పిల్లవాడు తన చుట్టూ తిరిగాడు. మిద్దె మీద నుంచి చూసేవారికి మాత్రం ఇద్దరూ ఒకే దారిన బజారు దాటి పోయారు.

ఇంకొక చిత్రం కూడా వున్నది. చంద్రుని దారి పూలదండ అలల్లాగా లోపలికీ బయటికీ వంగుతుందని కూడా అనుకోరాదు. అది ఎప్పుడూ సూర్యుని వైపే వంగి వుంటుంది. మన క్యాంపస్ లెక్కలో 390 అంగల వ్యాసార్ధంతో ముగ్గుపిండి పోసి పెద్ద వలయం గీస్తే అది భూమి దారి. చంద్రుడు దానికి అటు ఒక అంగ, ఇటు ఒక అంగ. ఒక నెలలో భూమి నడిచేది దాదాపు 200 అంగలు. రెండు వందల అంగల నడకలో ఒక అంగ ఎడం వచ్చి పోతే దూరం నుంచి ఏం తెలుస్తుంది? వలయం వలయంగానే కనిపిస్తుంది. పన్నెండు పదమూడు చోట్ల కొంచెం చదునైనట్లు వుంటుంది, అంతే.

దీనికి కారణం లెక్కలో వున్నది. చంద్రుణ్ణి ఎవరు ఎక్కువ లాగుతున్నారు, భూమా, సూర్యుడా? భూమి అంటారు అందరూ. కాదు. సూర్యుడు లాగే బలం భూమి బలానికి రెండు రెట్లకు కొంచెం పైన. సూర్యుడు దూరం గాని, బరువు మామూలు బరువు కాదు. అమావాస్య నాడు చంద్రుడు ఇద్దరి మధ్య వుంటాడు. ఇటు భూమి ఒక పాలు లాగితే అటు సూర్యుడు రెండు పాళ్ళు లాగుతాడు. ఆనాడు కూడా గెలిచేది సూర్యుడే. అందుకే దారి సూర్యుని వైపే వంగుతుంది.

"మరి సూర్యుడు చంద్రుణ్ణి ఎందుకు ఎత్తుకుపోడు?" అని మా క్లాసులో ఒక పిల్ల వెంటనే అడిగింది. అడగవలసిన ప్రశ్నే. సికింద్రాబాద్ నుంచి తార్నాక వచ్చే బస్సులో ఇద్దరు మిత్రులు మాట్లాడుకుంటూ పక్కపక్కన నిలబడి వున్నారనుకోండి. డ్రైవరు బ్రేకు వేశాడు. ఇద్దరూ ఒకేసారి ముందుకు తూలుతారు. వారి మధ్య దూరం మారదు, మాట తెగదు. సూర్యుడు చంద్రుణ్ణి లాగినట్లే భూమినీ లాగుతున్నాడు, దాదాపు అంతే జోరుగా. ఇద్దరూ ఒక్కటిగా అతని వైపు పడుతూ, పక్కకు పోతూ, చుట్టి వస్తున్నారు. వారిద్దరి మీది లాగుడులో వుండే చిన్న తేడా మాత్రమే వారిని విడదీయగలిగేది. భూమి నుంచి సుమారు 15 లక్షల కిలోమీటర్ల లోపల ఆ తేడా భూమి పట్టును తెంచలేదు. చంద్రుడు అందులో నాలుగో వంతు దూరంలోనే వున్నాడు. నిశ్చింతగా వుండవచ్చు.

నిజానికి చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడనడం కూడా పూర్తి మాట కాదు. కావడి మోసేవాణ్ణి చూశారా? రెండు కుండల్లో ఒకటి బరువైతే భుజాన్ని ఆ కుండ వైపు జరుపుకొంటాడు. భూమి చంద్రునికి 81 రెట్లు బరువు. ఈ కావడికి భుజం ఎక్కడ ఆనాలి? లెక్క కడితే భూమి కేంద్రం నుంచి సుమారు 4,670 కిలోమీటర్ల దగ్గర, అంటే మన కాళ్ళ కింద నేలలో 1,700 కిలోమీటర్ల లోతున వస్తుంది. ఆ బిందువు చుట్టూ చంద్రుడు పెద్ద చుట్టు, భూమి చిన్న చుట్టు తిరుగుతాయి. సూర్యుని చుట్టూ నున్నగా దారి గీసేది ఆ భుజమే. భూమి దానికి అటూ ఇటూ తూగుతూ పోతుంది.

ఉర్దూలో ఈ తిరుగుడును గర్దిష్ అంటాము. హైదరాబాదులో పనులు కుదరనివాడు "నా తారలు గర్దిష్‌లో వున్నాయి భాయ్" అంటాడు. ఎవరివి లేవు గనుక!

ఇక నెల సంగతి. చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగడానికి 27 రోజుల 8 గంటలు పడుతుంది. కాని నెలవంక నుంచి నెలవంకకు 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఈ రెండు రోజులు ఎక్కడి నుంచి వచ్చాయి? గోడ గడియారం చూడండి. పన్నెండింటికి రెండు ముళ్ళూ ఒకచోట వుంటాయి. పెద్ద ముల్లు గంటలో చుట్టు తిరిగి వచ్చేసరికి చిన్న ముల్లు ఒంటిగంట దగ్గరికి పోయింది. దాన్ని అందుకోవడానికి ఇంకో అయిదు నిమిషాలు పడుతుంది. అట్లాగే చంద్రుడు చుట్టు ముగించేసరికి భూమి సూర్యుని చుట్టూ ముందుకు జరిగి వుంటుంది. ఆ జరిగిన మేర చంద్రుడు కూడా నడవాలి. రెండు రోజులు అందుకే. చంద్రుని దారి పూర్తి వలయం కాదు గనుక, అతను దగ్గరైనప్పుడు చురుకుగా, దూరమైనప్పుడు నెమ్మదిగా నడుస్తాడు గనుక, ఈ వ్యవధి కూడా ప్రతి నెలా కొన్ని గంటలు అటూ ఇటూ అవుతుంది. మన నెల ఒకసారి 29, ఒకసారి 30 రావడానికి మూలమిదే. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఇటువంటి 12 నెలలు కలిస్తే 354 రోజులు. సూర్యుని ఏడాదికి 11 రోజులు తక్కువ. అందుకే రంజాన్ ఏటా 11 రోజులు ముందుకు జరుగుతుంది. 1985లో మే నెల ఎండల్లో రోజాలు వుండిన పెద్దలు 2018లో మళ్ళీ మే నెలలోనే వున్నారు. ముప్పై మూడేళ్ళకు చక్రం తిరిగి వస్తుందన్నమాట. 2030లో జనవరిలో ఒకటి, డిసెంబరు చివర మరొకటి, రెండు రంజాన్‌లు మొదలవుతాయి. మన తెలుగు మిత్రుల పంచాంగం కూడా చంద్రుని నెలలదే. కాని వారు మిగిలిన ఆ 11 రోజులను కూడబెట్టి, 19 ఏళ్ళలో 7 సార్లు అధికమాసం వేస్తారు. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, అదే లెక్క. అందుచేత బోనాలు ఎప్పుడూ ఆషాఢపు వానల్లోనే వస్తాయి, పీర్ల పండుగ మాత్రం ఎండ, వాన, చలి అన్నీ చూస్తుంది. ఒకే చంద్రుణ్ణి చూసి ఇద్దరమూ లెక్క కట్టుకొన్నాము, మిగిలిన చిల్లరను ఏం చేయాలన్న దగ్గరే తేడా.

గ్రహణానికి వద్దాము. అమావాస్య నాడు చంద్రుడు మధ్యకు వస్తాడు గదా, మరి ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం ఎందుకు పట్టదు? చంద్రుని దారి భూమి దారి వున్న తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి వున్నది. అయిదు డిగ్రీలెంత, పెద్ద విశేషమా అనకండి. మన క్యాంపస్‌లో చూస్తే ఒక అంగ దూరంలోని బటానీ గింజ రేగుపండు మట్టం కంటే ఆరేడు సెంటీమీటర్లు పైకో కిందికో పోతుంది. రేగుపండే రెండున్నర సెంటీమీటర్లు. దాని మీద నుంచి నీడ సాఫీగా తప్పిపోతుంది. చంద్రుడు ఆ తలాన్ని దాటే రెండు చోట్లు వున్నాయి. ఆ దాటే వేళ, అమావాస్య వేళ కలిస్తేనే సూర్యగ్రహణం, పున్నమి వేళ కలిస్తే చంద్రగ్రహణం. ఆ రెండు చోట్లనే పూర్వులు రాహువు, కేతువు అన్నారు. అవి పాములూ కావు, రాళ్ళూ కావు, ఆకాశంలో రెండు దారులు దాటుకొనే నాకాలు.

ఇంకొక విచిత్రం. సూర్యుడు చంద్రునికి 400 రెట్లు వెడల్పు, దాదాపు 390 రెట్లు దూరం. అందుకే బటానీ గింజ ఆర్ట్స్ కాలేజీ ముందు వున్న ఆ పెద్ద గోళాన్ని సరిగ్గా మూసేస్తుంది. చంద్రుడు కొంచెం దూరంగా వున్నప్పుడు మూత చాలదు, చుట్టూ వెలుగు ఉంగరంలా మిగులుతుంది. 2019 డిసెంబరు 26న కేరళ, తమిళనాడు వారు చూసింది అదే, హైదరాబాదులో మనకు కొంత భాగమే మూసుకొన్నది.

సంపూర్ణ సూర్యగ్రహణానికి మన తెలుగు నేలలో మంచి చరిత్ర వున్నది. 1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరులో కూర్చొని గ్రహణాన్ని పరిశీలించాడు. ఆ కాలపు పరిశీలనల్లో సూర్యకాంతిలో కనిపించిన కొత్త పసుపు గీతకే తరువాత హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద దొరకకముందే సూర్యునిలో దొరికిన పదార్థమది. తరువాత 1980 ఫిబ్రవరి 16. సొసైటీ పెద్దల్లో కొందరికి ఆనాటి మధ్యాహ్నం గుర్తుండి వుంటుంది. రోడ్ల మీద మనిషి లేడని, బజార్లు మూసుకొన్నాయని, కుక్క కూడా కనబడలేదని మా పెద్దలు చెప్పేవారు. జనం ఇళ్ళల్లో తలుపులు వేసుకొన్న ఆ వేళే, నగరానికి ఆగ్నేయంగా జాపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర మన ఉస్మానియా వారి నక్షత్రశాలలో దేశ విదేశాల శాస్త్రజ్ఞులు ఆకాశం వైపు యంత్రాలు తిప్పుకొని కూర్చున్నారు. చంద్రుని నీడ నూట యాభై కిలోమీటర్లకు మించని వెడల్పుతో, పరుగు పరుగున దక్కను దాటి, ఒరిస్సా మీదుగా పోయింది. ఒక్కొక్క చోట రెండు నిమిషాల చీకటి. దాని కోసం లోకం నలుమూలల నుంచి మన పల్లెకు వచ్చారు, మనవారు మాత్రం దుప్పటి కప్పుకొన్నారు.

ఆ నక్షత్రశాల కథ రెండు మాటల్లో చెబుతాము, ఎందుకంటే అది మన హైదరాబాదు కథ. నవాబ్ జఫర్ జంగ్ గారికి నక్షత్రాల మీద మక్కువ. 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి, సొంత జాగాలో ఏర్పాటు చేసుకొన్నారు. ఆయన పోయిన తరువాత నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొని బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీగా నడిపింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచంలోని నక్షత్రశాలలు ఆకాశాన్ని పంచుకొని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేస్తుంటే, అందులో మన వాటాకు వచ్చిన నక్షత్రాలు ఏడు లక్షలకు పైన. చంద్రుడు నడుస్తూ నడుస్తూ నక్షత్రాలను మరుగుపరిచే క్షణాలను కూడా భాస్కరన్ గారి కాలంలో అక్కడ కొలిచేవారు. చంద్రుని నడక లెక్క సరిచూసుకొనేది అటువంటి కొలతలతోనే. ఆ నక్షత్రశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు వేణు బప్పు. నిజాం కాలేజీలో చదివి, 1949లో మరి ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను కనుగొన్నారు. 1968లో జాపాల్, రంగాపూర్ దగ్గర 48 అంగుళాల దూరదర్శిని వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఉస్మానియా 1918లో పుట్టింది ఉర్దూలో శాస్త్రాలు చెప్పడానికి. అంతకు ముందు ఏడాదే గ్రంథాలు అనువదించడానికి దారుత్తర్జుమా పెట్టారు. 1948 తరువాత ఆ పద్ధతి పోయింది. కక్ష్యకు మదార్, గురుత్వాకర్షణకు కషిషె సఖ్ల్, సూర్యగ్రహణానికి కుసూఫ్, చంద్రగ్రహణానికి ఖుసూఫ్, ఈ మాటలు మేము ఇవాళ్టికీ క్లాసులో వాడుతున్నాము. భాష ఏదైతేనేం, తెలుగు గాని, ఉర్దూ గాని, పిల్లకు అర్థం కావాలి. మాకు బాధ కలిగేది వేరే సంగతి. గోల్నాక పిల్లలకు ఆ క్యాంపస్ ఆటో దూరం. మన వాళ్ళు అందులోకి పొద్దున వాకింగుకు పోతారు, పెళ్ళి ఫోటోలకు పోతారు. పదో తరగతి దాటిన ఆడపిల్ల సైన్సు గ్రూపు అడిగితే మాత్రం "దూరం" అంటారు. పదిహేను కోట్ల కిలోమీటర్లు లెక్క కట్టిన మనకు ఆటో దూరం దూరమయిందా?

పూర్వం మన వారిలో ఈ విద్య మసీదు పనిలో భాగంగా వుండేది. డమాస్కసు జామె మసీదులో 14వ శతాబ్దంలో ఇబ్నె షాతిర్ అనే ఆయన నమాజు వేళలు లెక్క కట్టే ఉద్యోగి. అప్పటి దాకా చెల్లిన టాలమీ లెక్క ప్రకారం చంద్రుని దూరం దాదాపు రెండింతలు మారాలి. అట్లా మారితే చంద్రుడు ఒకనాడు పళ్ళెమంత, ఒకనాడు అందులో సగం కనబడాలి గదా! అట్లా కనబడటం లేదని ఆయన లెక్కనే మార్చాడు. రెండు వందల ఏళ్ళకు కోపర్నికస్ పుస్తకంలో చంద్రునికి అదే రకం లెక్క వున్నది. ఇబ్నె షాతిర్ భూమిని మధ్యలోనే వుంచాడు, ఆ మాట దాచనవసరం లేదు. కాని కళ్ళతో చూసిందాన్ని పుస్తకం కోసం కాదనలేదు. గ్రహణం విషయంలో అయితే అంతకంటే పెద్ద మాటే మన దగ్గర వున్నది. ప్రవక్త (స) గారి పసి కుమారుడు ఇబ్రాహీం పోయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే పట్టిందని జనం అనుకొన్నారు. ఎవరి చావు కోసమూ, పుట్టుక కోసమూ గ్రహణం పట్టదని ఆయన చెప్పి, నమాజుకు నిలబడ్డారు. కన్నతండ్రి దుఃఖంలో వుండి కూడా ఆ మాట చెప్పారు. ఇంక గర్భిణికి మంచినీళ్ళు ఆపడానికి మనకు ఆధారమెక్కడిది? అత్తగారికి ఇదే చెప్పమని ఆ అమ్మాయితో చెప్పాము. తెలుగులో చెబితే సైన్సు అంటారు గనుక, ముందు ఇది చెప్పి తరువాత రేగుపండు, బటానీ గింజ తీయమన్నాము. ఇప్పుడామె కొడుకు నడక నేర్చుకొంటున్నాడు.

చాంద్ రాత్ సంగతి చెప్పకుండా దిగితే మీరు మమ్మల్ని వదలరు. అమావాస్య క్షణం ఎప్పుడన్నది ఈనాడు సెకన్ల దాకా లెక్క కట్టవచ్చు, అందులో సందేహం లేదు. కాని అమావాస్య అయిన వెంటనే నెలవంక కనబడదు. చంద్రుడు సూర్యునికి కనీసం ఏడు డిగ్రీలు ఎడంగా జరగాలి. మామూలు కంటికి పది, పన్నెండు డిగ్రీలు కావాలి. చంద్రుడు సూర్యుని నుంచి గంటకు అర డిగ్రీ చొప్పున జరుగుతాడు. అంటే ఇంచుమించు ఒక పగలు, ఒక రాత్రి గడవాలి. మక్కాలో సూర్యాస్తమయం మనకంటే సుమారు రెండున్నర గంటలు ఆలస్యం. ఆ వ్యవధిలో నెలవంక ఇంకొక డిగ్రీ పైన జరుగుతుంది. కాబట్టి మనకు కనబడనిది అదే సాయంత్రం అక్కడ కనబడటంలో వింతేమీ లేదు. వారిదీ అబద్ధం కాదు, మనదీ అబద్ధం కాదు. ఏ చూపును ప్రమాణం చేసుకోవాలన్నది ఉలమాలు తేల్చవలసిన మాట, బడిపంతులు తేల్చేది కాదు. కాని ఒకటి మాత్రం మేము చెప్పగలము: అమావాస్య క్షణమే ఇంకా రాని సాయంత్రం "చూశాము" అని ఎవరైనా ఫోను చేస్తే, అతను చూసింది చంద్రుణ్ణి కాదు. ఆ లెక్క ముందే కట్టి, కమిటీ పెద్దల చేతిలో ఒక కాగితం పెడితే అర్ధరాత్రి తగాదాల్లో సగం తగ్గుతాయి. మన సొసైటీ కుర్రాళ్ళు ఈ పని చేయగలరు.

సముద్రపు పోటు, పాటు గురించి కూడా చెప్పాలనుకున్నాము గాని చాయ్ చల్లారుతున్నది. మూసీకి పోటు రాదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద కుంభవృష్టి వల్ల వచ్చింది, చంద్రునికి దానితో ప్రమేయం లేదు. బందరు, విశాఖ వైపు బంధువులున్నవారు అమావాస్య, పున్నములకు సముద్రం ఎంత లోపలికి వస్తుందో అడిగి తెలుసుకోండి. ఆ నీళ్ళ రాపిడి వల్లనే చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు మనకు దూరం జరుగుతున్నాడు. 1969, 1971లలో చంద్రుని మీద దిగినవారు అక్కడ పెట్టి వచ్చిన అద్దాల మీదికి లేజరు కాంతి పంపి ఈ మాట తేల్చారు.

చివరిగా పిల్లలు రాసుకోవలసిన తేదీలు. గ్రహణాలు 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలకు ఒకసారి ఒకే కుటుంబం లెక్కన తిరిగి వస్తాయి. ఆ మిగిలిన 8 గంటల్లో భూమి మూడో వంతు తిరుగుతుంది గనుక గ్రహణం వేరే దేశానికి పోతుంది. మన జాపాల్ గ్రహణపు తమ్ముళ్ళు 1998లో కరీబియన్ దీవుల్లో, 2016లో ఇండోనీసియాలో కనబడ్డాయి. మూడవది 2034 మార్చి 20న అరబ్బు దేశాలు దాటి మన కాశ్మీరం వైపు కార్గిల్ దాకా వస్తుంది. అంతకు ముందే, 2027 ఆగస్టు 2, సోమవారం, సఫర్ నెల ఆఖరి రోజుల్లో, సంపూర్ణ సూర్యగ్రహణం ఈజిప్టు మీదుగా జిద్దా, మక్కాల మీద పడుతుంది. అక్కడ అయిదు నిమిషాలకు పైన చీకటి వుంటుంది. మన గోల్నాకలో జిద్దాలో మనిషి లేని ఇల్లు తక్కువ. సూర్యుడు పూర్తిగా మూసుకోకముందూ, తెరుచుకొన్న తరువాతా వట్టి కళ్ళతో చూడవద్దని, ఎక్స్‌రే ముక్కలు, నల్లద్దాలు పనికిరావని, గ్రహణానికని తయారైన కళ్ళద్దాలే కొనుక్కోమని వారికి ఇప్పటి నుంచే ఫోనులో చెప్పండి. ఆ దేశంలో గర్భిణులు వుంటే మంచినీళ్ళు తాగమనండి. ఆగస్టు నెల, అక్కడ ఎండలు చాలా ఎక్కువ.